ఇద్దరి సీటులో మూడో మనిషి

అమెరికా పెట్టుబడిదారీ విధానాన్ని బాగు చేయడానికి నేను కెనడా వెళ్లాను. అమెరికా వీసా రాకపోవడం తప్ప దీనికి వేరే కారణం లేదు. హైదరాబాదులో అద్దం కిటికీ అవతల కూర్చున్న అమ్మాయి ప్రయాణం దేనికని అడిగింది. మీ దేశంలో అవకాశాలు ఇంకా ఎక్కువమందికి అందడం ఎలా అనే విషయం మీద నా దగ్గర కొన్ని ఆలోచనలు ఉన్నాయని ఉన్నమాట చెప్పాను. ఆమె నవ్వి పాస్‌పోర్టు వెనక్కి ఇచ్చింది. కెనడా వాళ్లకు మాత్రం చుట్టపుచూపు అని రాశాను. వీసా వచ్చేసింది. పక్కింటి అరుగు మీద కూర్చుని ఎదురింటికి మరమ్మతులు చెప్పడం మనకు కొత్తేమీ కాదు కదా అని బయలుదేరాను.

నేను దుగ్గిరాల పసుపు యార్డులో లెక్కలు చూస్తాను. చదువు ఇంటర్‌తో ఆగింది. ఆర్థికశాస్త్రం మాత్రం మా శాఖా గ్రంథాలయంలో, ఫ్యాను కింద కుర్చీ దొరికిన రోజుల్లో, నా అంతట నేను నేర్చుకున్నాను. వర్తకుల మాసపత్రికలో అమెరికా గురించి నేను రాసిన వ్యాసం ఎవరో ఎవరికో పంపగా, అది తిరిగి తిరిగి కెనడాలో సస్కటూన్ అనే ఊళ్లో ఒక రిటైర్డు ప్రొఫెసరు గారి ఫోనులో పడింది. ఆయన నాతో ఆరు నెలలు వాదించి, ఎదురుగా కూర్చుని వాదించుకుందాం రమ్మన్నారు.

ఆ వ్యాసం సారాంశం ఇది. ఆర్డినరీ బస్సులో ఇద్దరు పట్టే సీటు ఉంటుంది. మూడో మనిషి వచ్చి ‘కాస్త జరగండి’ అంటాడు. జరుగుతారు. ముగ్గురికీ నడుము నొప్పి. మనం దీన్ని సర్దుబాటు అంటాం గాని లెక్క ప్రకారం ఇది నొప్పిని మూడు భాగాలు చేయడం. అమెరికా ఈ పని చేయకూడదు, సీటు పొడిగించాలి. అంటే, మనిషి ఒక కొలువు మాని ఇంకో కొలువులోకి వెళ్లడానికి అడ్డం ఉండకూడదు. చిన్న పనికి పెద్ద లైసెన్సు అడగకూడదు. పనివాడికి కంపెనీలో కాస్త వాటా ఉండాలి. కొత్తగా అంగడి పెట్టినవాడిని పాత అంగళ్లు కలిసి తొక్కేయకుండా చూడాలి. ఈ నాలుగూ చేస్తే సీటు దానంతట అదే పెరుగుతుంది, ఎవరూ జరగనక్కరలేదు.

ఎవరూ జరగనక్కరలేదు అన్న మాట కింద పత్రికవారు గీత కూడా గీశారు.

నార్త్ యార్క్

మొదటి మజిలీ టొరంటో ఉత్తరాన నార్త్ యార్క్‌లో, మా యార్డు సెక్రటరీ గారి అబ్బాయి కిరణ్ ఇల్లు. ముప్పై ఒకటో అంతస్తు. కిటికీలోంచి చూస్తే కింద మనుషులు పసుపు కొమ్ముల్లా కనిపించారు. కిరణ్ బ్యాంకులో కంప్యూటర్ పని చేస్తాడు. అతనికి ఎనిమిదేళ్ల కూతురు ఉంది, పేరు తన్వి. మనం తెలుగులో ఏది అడిగినా ఇంగ్లీషులో జవాబు చెబుతుంది.

మొదటిరోజే కిరణ్ ఒక తెలుగు హోటలుకు తీసుకెళ్లాడు. మూడు ఇడ్లీలు పన్నెండు డాలర్లు. అప్పుడు కెనడా డాలరు అరవై రెండు రూపాయలు. నేను ఒక్కో ఇడ్లీని గుణించి చూస్తుంటే కిరణ్ ప్లేటు నా వైపు జరిపి, “అంకుల్, వారం రోజులు గుణకారం మానేయండి. లేకపోతే ఇక్కడ మీరేం తినలేరు” అన్నాడు. ముప్పై ఏళ్ల అలవాటు వారానికి పోతుందా? రెండు వందల నలభై ఎనిమిది రూపాయల ఇడ్లీని చట్నీలో ముంచుకుని తిన్నాను. రెండో ఇడ్లీకి చట్నీ మళ్లీ అడిగాను. దానికి వేరే డాలరున్నర అన్నారు. చట్నీకి ధర కట్టినచోట సమాజం ఏ స్థితిలో ఉందో వేరే చెప్పాలా?

కిరణ్ కెనడాకు నేరుగా రాలేదు. అంతకుముందు తొమ్మిదేళ్లు డాలస్‌లో ఉన్నాడు. అక్కడ అతని వీసా ఒక కంపెనీ పేరు మీద ఉండేదట. ఆ కంపెనీ వదిలితే, కొద్దిరోజుల్లో ఇంకో కంపెనీ పట్టుకోకపోతే దేశమే వదలాలి. జీతం బాగుండేదా అని అడిగాను.

“జీతం ఇక్కడికన్నా ఎక్కువే అంకుల్. కానీ మానేస్తా అనే మాట తొమ్మిదేళ్లలో నా నోట్లోంచి ఒక్కసారి కూడా రాలేదు. ఆ మాట అనలేనివాడికి ఇంక్రిమెంట్ ఎవడిస్తాడు?”

నా మొదటి సూత్రాన్ని నేను రెండు పేజీల్లో రాశాను. ఇతను రెండు ముక్కల్లో చెప్పాడు. సంతోషించి, సీటు పొడిగించే సిద్ధాంతమంతా అతనికి వివరించాను. తన్వి బొమ్మలకు రంగులు వేసుకుంటూ అంతా విని, తల ఎత్తకుండా, “వై డోంట్ యూ ఫిక్స్ ఇండియా ఫస్ట్, తాతా?” అంది. మంచి ప్రశ్నే. కానీ ఇండియాకు పోవడానికి వీసా అక్కరలేదు కాబట్టి అది ఎప్పుడైనా చేయవచ్చు.

బ్రాంప్టన్ బస్సు

రెండో మజిలీ బ్రాంప్టన్. మా తమ్ముడి కూతురు మౌనిక అక్కడ సప్లై చైన్ మేనేజ్‌మెంట్‌లో డిప్లొమా చదువుతోంది. ఆ సంవత్సరం ఎటు చూసినా విద్యార్థులే. కాఫీ హోటలు ముందు వరుస కనిపిస్తే కాఫీ కోసమనుకుని నిలబడ్డాను. ముందున్న నెల్లూరు కుర్రవాడు నా చేతులు ఖాళీగా ఉండటం చూసి, “రెజ్యూమే తెచ్చుకోలేదా అంకుల్?” అన్నాడు. అది ఉద్యోగాల వరుస. కాఫీ వరుస పక్కన వేరే ఉంది, అందులో ఎవరూ లేరు.

బస్సులో జరిగింది ఇంకా దారుణం. కాలేజీ వదిలిన వేళ. బస్సు నిండా పంజాబీ, గుజరాతీ, మన పిల్లలు, వాళ్ల వీపుల మీద సంచులు. ఇద్దరు పట్టే సీటులో కిటికీ పక్కన ఒక పెద్దావిడ, ఇవతల ఒక కుర్రవాడు కూర్చున్నారు. ఇద్దరూ సన్నగా ఉన్నారు. వాళ్ల మధ్య చోటు కళ్ల ముందు కనిపిస్తోంది. నా సిద్ధాంతం నాకు గుర్తే, కానీ కాళ్లు నొప్పి పుట్టాయి. చెయ్యి దానంతట అదే లేచి, ఈగను తోలినట్టు రెండుసార్లు పక్కకు ఆడింది. “కొంచెం జరగండి” అంటూ సీటు అంచున కూర్చోబోయాను.

కుర్రవాడు దిగ్గున లేచాడు. పెద్దావిడ కూడా లేచింది. ముందు సీటులో ఇద్దరు లేచారు. నాకు గుండెనొప్పి వచ్చిందనుకున్నారట. ఎవరో నీళ్ల సీసా ఇచ్చారు. డ్రైవరు బస్సు ఆపి అంబులెన్సు పిలవనా అని అడిగాడు. వద్దు, నాకు ఏమీ కాలేదు, జరిగితే చాలని నా ఇంగ్లీషులో ఎంత చెప్పినా ఎవరూ కూర్చోలేదు. నాలుగు ఖాళీ సీట్ల మధ్య నేనొక్కడినే పెళ్లికొడుకులా కూర్చుని, చుట్టూ నిలబడినవాళ్ల ముఖాలు చూస్తూ ప్రయాణం చేశాను.

దిగాక మౌనిక తల పట్టుకుంది. “పెదనాన్నా, ఇక్కడ ఎవర్నీ జరగమనకూడదు. సీటు కావాలంటే లేస్తారు. అంతే.”

అప్పుడు నాకు రెండు దేశాల తేడా తెలిసింది. మనవాడు ఎవరు అడిగినా సగం ఇస్తాడు, మొత్తం మాత్రం ఎవరికీ ఇవ్వడు. వీళ్లు మొత్తం ఇచ్చేస్తారు. సగం ఇవ్వవచ్చునని వీళ్లకు ఎవరూ చెప్పలేదు.

బేస్‌మెంట్, శనివారం సంత

మౌనిక ఉండేది ఒక సర్దార్జీ ఇంటి కింద, బేస్‌మెంట్‌లో. మొత్తం ఆరుగురు ఆడపిల్లలు. తలా ఆరు వందల డాలర్లు. పైన సర్దార్జీ కుటుంబం, కింద ఆరుగురు, గుమ్మం దగ్గర పదిహేను జతల చెప్పులు. సర్దార్జీ మంచివాడే, ఆదివారం పరాఠాలు పంపిస్తాడు. కాని కింద ఏ వ్యాపారమూ చేయకూడదని, బయటివాళ్లు రాకూడదని గట్టిగా చెప్పాడు. ఈ నిబంధన వల్ల మౌనికకు వచ్చిన చిక్కు చెప్పాలి, నా ప్రయాణమంతా ఆ చిక్కు చుట్టూనే తిరిగింది.

వాళ్లమ్మ తెనాలిలో జాకెట్లు కుడుతుంది. మౌనికకు నడక కంటే ముందు కుట్టుమిషన్ తొక్కడం వచ్చిందని మా ఇంట్లో వేళాకోళం. ఇక్కడికి వచ్చాక ఒక గిడ్డంగిలో పెట్టెలు సర్దే పని చేసింది. పదకొండు గంటలు నిలబడాలి. కాళ్లు వాచిపోయి క్లాసులో నిద్రపోయేదట. అలాంటి రోజుల్లో ఒకసారి పాత బట్టల కొట్టుకు వెళ్లింది. కొత్త చలికోటు రెండు వందల డాలర్ల పైమాట. పాత కొట్టులో పాతిక. అంత చవక ఎందుకంటే, సగం కోట్లకు జిప్పు పాడైపోయి ఉంటుంది. కోటు బంగారంలా ఉన్నా జిప్పు రన్నర్ పోతే ఆ చలిలో అది దుప్పటితో సమానం. వేలమంది పిల్లలు మొదటి చలికాలానికి కోట్లు వెతుక్కుంటున్న ఊళ్లో జిప్పులు బాగుచేసే మనిషి లేడు. మౌనిక వాళ్లమ్మకు చెప్పి గుంటూరు లేసుల కొట్టు నుంచి రకరకాల రన్నర్లు తెప్పించింది. సెకండ్‌హ్యాండ్ మిషన్ ఒకటి కొంది. జిప్పుకు పన్నెండు డాలర్లు. ఆ ఏడాది విద్యార్థుల పని గంటల మీద పరిమితి తాత్కాలికంగా ఎత్తేశారు కాబట్టి ఆ బెంగ కూడా లేదు. ఈ పనికి లైసెన్సు కావాలా అని అడిగాను, వద్దంది. నా రెండో సూత్రం కూడా నెగ్గింది.

కావలసింది చోటు. ఒక పాత హాలులో శనివారం సంత జరుగుతుంది. తేనె, సబ్బులు, ఊరగాయల్లాంటివి, ఉన్ని టోపీలు అమ్ముతారు. గోడ వెంబడి ఒకే వరుసలో తొమ్మిది బల్లలు. అన్నీ చలికాలం మొత్తానికి అద్దెకు పోయాయి. కొవ్వొత్తులు అమ్మే ఆవిడ ఊరెళ్తూ రెండు శనివారాలు తన బల్లను మౌనికకు ఇచ్చింది. నేను వెళ్లింది రెండో శనివారం. నెల్లూరు కుర్రవాడితో సహా అరడజను మంది కోట్లు పట్టుకుని నిలబడ్డారు. నాకు కూడా పదిహేను డాలర్లకు ఒక పాత కోటు కొనిపెట్టి, అక్కడే జిప్పు వేసి ఇచ్చింది. నా దగ్గర డబ్బు తీసుకోలేదు. తీసుకోవాలని పట్టుబట్టాను. “పెదనాన్న దగ్గర తీసుకుంటే మా అమ్మ చంపుతుంది” అంది. పెట్టుబడిదారీ విధానం మా ఇంట్లోనే ఇలా బలహీనపడిపోతోంది.

సంత చూసుకునే డోరీన్ అనే ఆవిడ సాయంత్రం వచ్చి విషయం చెప్పింది. వచ్చే శనివారం కొవ్వొత్తుల ఆవిడ తిరిగొస్తుంది. వేరే బల్ల లేదు. ఎవరైనా మానేస్తే కబురు పెడతానంది.

“మానేస్తారా?” అని మౌనికను తెలుగులో అడిగాను.

“తేనె ఆయన పద్నాలుగేళ్ల నుంచి వస్తున్నాడట. ఎవరు లేస్తారు పెదనాన్నా?” అంది మిషన్ మీద గుడ్డ కప్పుతూ. గిడ్డంగి వాళ్లు శని, ఆదివారాల షిఫ్టులకు చలికాలమంతా రమ్మంటున్నారు. వచ్చే శనివారం తరువాతి సోమవారం లోపల జవాబు చెప్పాలి. ఆ శనివారానికి చోటు దొరక్కపోతే ఒప్పుకుంటానంది. ఒప్పుకుంటే ఇక మిషన్ మంచం కిందే.

నేను కొత్త అంగళ్లకు పాత అంగళ్లు అడ్డు రాకూడదనే నాలుగో సూత్రం మీద ఆమెకు ధైర్యం చెప్పబోయాను. ఆమె ఓపిగ్గా విని, “నువ్వు సస్కటూన్ వెళ్లి అమెరికాను బాగు చేసి రా పెదనాన్నా” అంది.

సస్కటూన్

సస్కటూన్‌లో దిగేసరికి అక్టోబరులోనే మంచు పడుతోంది. చలి కోటు మీద దాడి చేసింది గాని మౌనిక వేసిన జిప్పు దాటి లోపలికి రాలేకపోయింది. ప్రొఫెసరు సుబ్రహ్మణ్యం గారు, ఆయన భార్య డాక్టర్ వసుంధర గారు నన్ను ఇంటికి తీసుకెళ్లారు. ఆయన విశ్వవిద్యాలయంలో వ్యవసాయం పాఠాలు చెప్పి రిటైరయ్యారు. నేలమాళిగలో ఊదారంగు దీపాల కింద గోంగూర పెంచుతున్నారు. ఆ కరెంటు ఖర్చును గోంగూర కట్టలతో భాగిస్తే కట్ట ధర ఎంతవుతుందో భోజనానికి ముందే లెక్క కట్టాను. కాని వసుంధర గారు కలిపిన పచ్చడి తిన్నాక ఆ లెక్క పైకి చెప్పలేదు.

ఆదివారం వాళ్లింట్లో నా ఉపన్యాసం. డాక్టర్లు, ఇంజనీర్లు, ఒక గనుల నిపుణుడు, అందరూ రిటైరైనవాళ్లే, పన్నెండు మంది వచ్చారు. ముప్పావు గంటసేపు సీటు పొడిగించడం గురించి మాట్లాడాను. వైద్య బీమా ఉద్యోగానికి ముడిపడి ఉండటం వల్ల మనిషి సొంత వ్యాపారం పెట్టడానికి ఎలా జంకుతాడో, పనివాడికి వాటా ఇస్తే పని ఎలా మారుతుందో ఉదాహరణలతో చెప్పాను. చప్పట్లు కొట్టారు. ప్రశ్నలు అడగమన్నాను. గనుల నిపుణుడు గొంతు సవరించుకుని లేచారు.

“అమరావతిలో గజం ఎంతుందండీ ఇప్పుడు?”

ఆ ఒక్క ప్రశ్నతో ఇరవై నిమిషాలు గడిచాయి. తరువాత ప్రొఫెసరు గారు అసలు దెబ్బ కొట్టారు. “వెంకటేశ్వర్లు గారూ, సీటు పొడిగించాలి, నేను కాదనను. కాని అది పొడుగయ్యేదాకా మూడోవాడు ఎక్కడ ఉంటాడండీ? నిలబడే ఉంటాడు. మీ వ్యాసంలో వాడి కాళ్ల సంగతి లేదు.”

నేను గణాంకాలు వెతుక్కుంటుంటే మౌనిక సంగతి నోట్లోకి వచ్చింది. సంత, తొమ్మిది బల్లలు, సోమవారం, అన్నీ చెప్పేశాను. బస్సు సంగతి కూడా చెప్పి, ఇక్కడివాళ్లు లేస్తారు గాని జరగరని నా పరిశోధన వినిపించాను. అందరూ నవ్వారు. వసుంధర గారు మాత్రం పులిహోర గిన్నె బల్ల మీద పెట్టి అక్కడే నిలబడ్డారు.

ఆమె కథ ఇది. పెళ్లయి ఈ దేశం వచ్చినప్పుడు చేతిలో గుంటూరు మెడికల్ డిగ్రీ ఉంది, ఇక్కడ దానితో ప్రాక్టీసు చేయడానికి లేదు. పరీక్షలన్నీ మళ్లీ రాశారు. రాశాక కూర్చునే చోటు లేదు. అప్పట్లో వాళ్లుండే చిన్న ఊళ్లో ఉన్న ఒక్క క్లినిక్‌లో ఒక ముసలి డాక్టరు, ఒకే గది. ఆయన తన గది మధ్యలో పరదా కట్టించి సగం ఆమెకు ఇచ్చాడు. రెండేళ్లు ఆ పరదాకు ఇటు ఆమె, అటు ఆయన.

“మరి జరిగాడు కదండీ” అన్నాను.

“జరిగాడు. నేను అడిగాను కాబట్టి” అన్నారామె. “అంతకుముందు ఏడాది రోజులు ఆ క్లినిక్ మెట్ల మీద నుంచి అడక్కుండానే వెనక్కి వచ్చేదాన్ని. ఆయనకు నేను రావడమే తెలియదు. తెలియనివాడు ఎట్లా జరుగుతాడండీ?”

ఆ రాత్రి భోజనాల దగ్గర మళ్లీ అమరావతి గజం సంగతి వచ్చింది. నా మనసు మాత్రం తొమ్మిది బల్లల మధ్య ఎన్ని సందులు ఉంటాయో లెక్క పెడుతోంది. ఎనిమిది.

మళ్లీ సంత

మూడో శనివారం పొద్దున్నే హాలు తెరవగానే మౌనికతో పాటు వెళ్లాను. ఆమె మిషన్, దాన్ని పెట్టుకునే మడతబల్ల తెచ్చింది, కాని మిషన్ పెట్టెలోంచి తీయలేదు. కొవ్వొత్తుల ఆవిడ వచ్చి, మౌనికను కౌగిలించుకుని, తన బల్ల తాను సర్దుకుంది. వరుస చివర ఒక స్తంభం, దాని అవతల ప్రమాదం వస్తే బయటపడే తలుపు. ఆ తలుపు ముందు ఏమీ పెట్టకూడదు. స్తంభానికి ఇవతల నేనొక మడతకుర్చీ వేసుకుని, సంచి పక్కన పెట్టుకుని కూర్చున్నాను.

తరువాత లేచి సందులు కొలిచాను. టేపు లేదు, జానతో కొలిచాను. తేనె బల్లకూ సబ్బుల బల్లకూ మధ్య నేను వంగి చెయ్యి చాపి నడుస్తుంటే టోపీల ఆవిడ తన సంచి దగ్గరకు లాక్కుంది. లెక్క తేలింది. ప్రతి సందూ మనిషి దూరడానికి కావలసినదానికన్నా సగం జాన ఎక్కువ ఉంది. ఎనిమిది సందులు, నాలుగు జానలు, అంటే రెండు మూరలు. మౌనిక మిషన్ బల్ల రెండు మూరలు. ఎవరూ లేవనక్కరలేదు. ఎవరి బల్లా అంగుళం తగ్గదు.

డోరీన్‌కు చెప్పాను. ఆవిడ నా జానను, నా ముఖాన్ని మార్చి మార్చి చూసి, వరుసలో అందరూ ఒప్పుకుని, తలుపు ముందు ఖాళీగా ఉంటే, చలికాలమంతా ఉండనిస్తానంది. అడగడం మాత్రం తన పని కాదంది.

వరుసకు అవతలి చివర గోడ పక్కన సబ్బులు, తరువాత తేనె. తేనె ఆయన పేరు గ్లెన్. గడ్డం తెల్లగా, బల్ల మీది సీసాలు పోలీసు కవాతులా ఉంటాయి. ఆయన జరిగితేనే మిగతావాళ్లు జరగగలరు. ఆయనకు చెప్పడానికి ఇంగ్లీషులో వాక్యాలు రాసుకున్నాను. జిప్పు వేయడానికి కాసేపు పడుతుంది. ఆ కాసేపు కోటు లేని మనిషి ఎక్కడికీ పోలేడు. పోలేనివాడు పక్క బల్లల మీద సరుకు చూస్తాడు, చూసినవాడు కొంటాడు. కొత్తవాళ్లకు అవకాశం పెరిగితే పాతవాళ్ల వ్యాపారం పెరుగుతుంది. ఇదంతా చెప్పి, పెట్టుబడిదారీ విధానం బలపడుతుందని ముగించాను. గ్లెన్ శ్రద్ధగా విని, తనకు ఇప్పటికే ఒక చర్చి ఉందని, అక్కడ తనకు సంతోషంగానే ఉందని మర్యాదగా చెప్పాడు.

వెనక్కి వచ్చేసరికి మౌనిక మిషన్ పెట్టె తాళం మళ్లీ వేస్తోంది.

“వద్దు పెదనాన్నా. వాళ్లు మంచోళ్లు. కాదనలేక ఇబ్బంది పడతారు. సోమవారం నేను గిడ్డంగి వాళ్లకు చెప్పేస్తా.”

“నువ్వు అడిగావా?”

“ఏమని అడగను? లేవమనా?”

“జరగమని” అన్నాను. ఆమె తల వంచుకుంది. అడిగితే పోయేది పరువేనన్న భయం ఆ పిల్ల ముఖంలో కనిపించింది. మెట్ల మీద నుంచి వెనక్కి వచ్చిన డాక్టరమ్మ ముఖం కూడా అప్పట్లో ఇలాగే ఉండి ఉంటుంది.

నేను మళ్లీ గ్లెన్ ముందుకు వెళ్లాను. రాసుకున్న కాగితం జేబులోనే ఉంది. చెయ్యి దానంతట అదే లేచి, ఈగను తోలినట్టు పక్కకు రెండుసార్లు ఆడింది.

గ్లెన్ వెంటనే లేచి తన కుర్చీ నాకు చూపించాడు.

“నో అప్” అన్నాను. “నో అప్. ఓన్లీ సైడ్.”

ఆయనకు అర్థం కాలేదు. అప్పుడు నేను కింద కూర్చుని, ఆయన బల్ల కాలు పట్టుకుని, సగం జాన చూపించాను. మౌనిక ఎప్పుడు వచ్చిందో నా వెనక నిలబడి ఉంది. సిగ్గుతో ముఖం ఎర్రబడింది గాని నోరు తెరిచింది. మిషన్ పెట్టుకోవడానికి కొంచెం చోటు కావాలని, ఒక్కొక్క సందు ఇంత తగ్గేలా జరిగితే సరిపోతుందని, తన రెండు చేతులతో ఆ ‘ఇంత’ చూపించింది. తన గొంతుతో తానే అడిగింది.

గ్లెన్ ఆ ఇంతను చూశాడు. “అంతేనా?” అన్నాడు. పద్నాలుగేళ్లలో తనను ఎవరూ అడగలేదట. సీసాలు కదలకుండా బల్లను రెండు చేతులతో పట్టి సబ్బుల వైపు జరిపాడు. ఊరగాయల ఆయన చూసి తానూ జరిపాడు. టోపీల ఆవిడ ఎందుకో తెలియకుండానే జరిగి, తరువాత ఎందుకని అడిగింది. బల్లల కాళ్లు కిర్రుమంటూ ఒకదాని వెనక ఒకటి గోడ వైపు కదులుతుంటే, మా తెనాలి బస్సులో చివరి సీటు దాకా ‘జరగండి, జరగండి’ పాకినట్టే ఉంది. ఆఖరున కొవ్వొత్తుల ఆవిడ జరిగింది. నడుము నొప్పి ఎవరికీ వచ్చినట్టు లేదు. నా వ్యాసంలో ఆ వాక్యం దిద్దుకోవాలి.

మౌనిక మిషన్ బల్లను తెచ్చి పెట్టబోయింది. పట్టలేదు. కొవ్వొత్తుల బల్ల పక్కన మనిషి దూరే సందు వదిలితే ఒక జాన తక్కువ వచ్చింది.

నేను నమ్మలేకపోయాను. సందులన్నీ మళ్లీ కొలిచాను. అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఎనిమిది సగం జానలు నాలుగు జానలే, కెనడాలో కూడా. అవతలి గోడ వరకూ వెళ్లి సబ్బుల బల్ల చూసొచ్చాను. అది గోడకు ఆనుకునే ఉంది. తిరిగొచ్చి నా కుర్చీలో కూర్చుని వేళ్ల మీద లెక్క మొదటినుంచీ వేశాను. డోరీన్ తలుపు వైపు చూస్తూ నిలబడింది. గ్లెన్ తన బల్ల మీద చెయ్యి వేసి, ఇంకా జరగమంటే జరగడానికి సిద్ధంగా ఉన్నాడు, జరగడానికి అవతల చోటు లేదు. అప్పటికే నెల్లూరు కుర్రవాడు స్నేహితుడి కోటు పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. తొమ్మిది బల్లలవాళ్లూ నా వైపే చూస్తున్నారు, లెక్క నాది కాబట్టి.

మౌనిక మిషన్ బల్ల ఒక చివర పట్టుకుని, నన్ను, నా మడతకుర్చీని, కుర్చీకీ స్తంభానికీ మధ్య ఉన్న నా సంచిని చూసింది. నవ్వు ఆపుకుంటోంది.

“పెదనాన్నా,” అంది, “నువ్వు లేవాలి.”

లేచాను. ఆ జాన ఇంతసేపూ నా కిందే ఉంది.